ముందు ఏళ్లు, తర్వాత కారు

కారు కొందామనుకున్న ఇంట్లో మొదటి చర్చ మోడలు, రంగు, సన్‌రూఫ్ గురించి. రెండో చర్చ ఈఎంఐ ఎంత పడుతుందన్న దాని గురించి. ఈ బండిని ఎన్నేళ్లు ఉంచుకుంటాం అన్న మాట మాత్రం చాలా ఇళ్లలో ఎవరి నోటా రాదు. ఆ ప్రశ్నకు జవాబు ముందే రాసుకుంటే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి. ఏ ఇంజిన్ తీసుకోవాలి, ఎంత అప్పు చేయాలి, వారంటీ పొడిగించుకోవాలా వద్దా, కొత్తది కొనాలా పాతది చాలా, ఇవన్నీ ఆ ఒక్క అంకె మీద ఆధారపడిన ప్రశ్నలే.

మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు, పెళ్లి, చదువు తర్వాత అంత పెద్ద ఖర్చు కారే. అయినా ఇల్లు కొనేటప్పుడు ఆరు నెలలు తిరిగే మనిషి, కారును ఒక ఆదివారం మధ్యాహ్నం టెస్ట్ డ్రైవ్ చేసి సాయంత్రానికి అడ్వాన్సు కట్టేస్తాడు. పండగ ఆఫర్ రేపటితో అయిపోతుందని షోరూములో చెప్పిన మాట అతన్ని తొందరపెడుతుంది. ఈ అధ్యాయంలో ఆ తొందరను పక్కనపెట్టి, నమ్మకం, వారంటీ, ఖర్చు ఈ మూడింటినీ ఒకే తక్కెడలో తూచడం నేర్చుకుందాం.

కిలోమీటరుకు ఎంత పడుతోంది?

ఖమ్మంలో ఉండే ఉపాధ్యాయ దంపతులను ఊహించుకోండి. రోజూ బడికి, నెలకోసారి హైదరాబాద్‌కు, వేసవిలో ఒకసారి తిరుపతికి. ఏడాదికి 10,000 కిలోమీటర్లు. ఆన్‌రోడ్ ధర 10 లక్షలున్న పెట్రోలు కారు కొన్నారు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుంది, పెట్రోలు 108 రూపాయలు అనుకుందాం. ఐదేళ్ల తర్వాత అమ్మితే నాలుగున్నర లక్షలు, పదేళ్ల తర్వాత అమ్మితే రెండు లక్షలు వస్తాయని అంచనా వేద్దాం. ఇవి మన ఊహకు తీసుకున్న అంకెలు. మీ లెక్కలో మీ అంకెలు వేసుకోండి.

మొదటి ఐదేళ్లు, 50,000 కిలోమీటర్లు:
ధరలో తరుగుదల 5,50,000
పెట్రోలు 3,00,000
బీమా రెన్యువళ్లు 80,000
సర్వీసింగ్ 60,000
మొత్తం 9,90,000. కిలోమీటరుకు 19 రూపాయల 80 పైసలు.

తర్వాతి ఐదేళ్లు, మరో 50,000 కిలోమీటర్లు:
తరుగుదల 2,50,000
పెట్రోలు 3,00,000
బీమా 60,000
సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ, చిన్నా పెద్దా రిపేర్లు 1,25,000
మొత్తం 7,35,000. కిలోమీటరుకు 14 రూపాయల 70 పైసలు.

ఈ రెండు మొత్తాలనూ కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి. రిపేర్ల ఖర్చు రెట్టింపు దాటినా రెండో ఐదేళ్లే చవక. పోనీ, ఆ కాలంలో అనుకోకుండా లక్ష రూపాయల పెద్ద రిపేరు వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా కిలోమీటరుకు 16 రూపాయల 70 పైసలే అవుతుంది. మొదటి ఐదేళ్లకంటే ఇంకా మూడు రూపాయలు తక్కువ. "పాతబడింది, రిపేర్లు మొదలయ్యాయి, అమ్మేసి కొత్తది తీసుకుందాం" అనే మాట చాలాసార్లు లెక్కకు నిలవకపోవడానికి కారణం ఇదే. కారు యజమానికి అతిపెద్ద ఖర్చు మెకానిక్ బిల్లులో కనిపించదు. అది తరుగుదల రూపంలో ఏ రసీదూ లేకుండా పోతుంది. ఆన్‌రోడ్ ధరలో కలిసిన లైఫ్ ట్యాక్స్, మొదటి బీమా ప్రీమియం అయితే బండి షోరూము గేటు దాటిన రోజే వెనక్కు రాని డబ్బు.

దీనికి అప్పు కూడా కలపాలి. 8 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 16,600 కట్టాలి, వడ్డీ దాదాపు 1,96,000. అదే ఏడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 12,900తో తేలిగ్గా కనిపిస్తుంది, వడ్డీ మాత్రం 2,81,000 దాటుతుంది. ఈఎంఐ తగ్గిందని సంతోషించేలోపు 85 వేలు అదనంగా పోయాయి. అందుకని అప్పు గడువు వారంటీ గడువుకు దగ్గరగా ఉండేలా చూసుకోండి. వారంటీ అయిపోయిన బండికి ఒక చేత్తో ఈఎంఐ, మరో చేత్తో రిపేరు బిల్లు కట్టే పరిస్థితి రాకూడదు.

ఏళ్లు తేలితే ఇంధనం ప్రశ్న కూడా తేలుతుంది. డీజిల్ బండి లక్షా పాతిక వేలు ఎక్కువ అనుకుందాం. కిలోమీటరుకు రూపాయి ముప్పావు మిగులుతుందనుకుంటే, ఆ అదనపు ధర తిరిగి రావడానికి దాదాపు 70,000 కిలోమీటర్లు తిరగాలి. మన ఖమ్మం దంపతులకు అది ఏడేళ్లు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగే విశాఖ మెడికల్ రెప్రజెంటేటివ్‌కు మూడేళ్లు కూడా పట్టదు. ఒకే బండి ఒకరికి నష్టం, మరొకరికి లాభం.

నమ్మకమైన బండిని గుర్తుపట్టడం

మైలేజీ, ధర కాగితం మీద రాసి ఉంటాయి. నమ్మకం ఎక్కడా రాసి ఉండదు, మనమే తవ్వి తీయాలి. దానికి ఐదు దారులున్నాయి.

మొదటిది, ఆ ఇంజిన్, ఆ గేర్‌బాక్స్ ఎన్నేళ్ల నుంచి రోడ్డు మీద ఉన్నాయో తెలుసుకోండి. బాడీ కొత్తదైనా లోపలి యంత్రం పాతదే అయితే దాని లోపాలు ఈపాటికి బయటపడి, సరిదిద్ది ఉంటారు. పదేళ్లు ఉంచుకోదలచినవారు సరికొత్త మోడలును మొదటి ఏడాదిలోనే కొనకపోవడం మంచిది. మూడేళ్లకే మార్చేవారికి ఆ భయం తక్కువ, ఎందుకంటే వారి కాలమంతా వారంటీలోనే గడిచిపోతుంది.

రెండోది, గేర్‌బాక్స్ రకం. మాన్యువల్ గేరు సరళం, రిపేరు చవక. ఏఎంటీ అంటే అదే మాన్యువల్ గేర్‌బాక్సుకు క్లచ్ నొక్కే, గేరు మార్చే యంత్రాన్ని తగిలించడం. టార్క్ కన్వర్టర్, సీవీటీ, డ్యుయల్ క్లచ్ వంటివి నడపడానికి హాయిగా ఉంటాయి, చెడితే మాత్రం బిల్లు వేలలో ఆగదు. డ్రై క్లచ్ ఉన్న డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ అడుగడుగునా ఆగి కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పాకుతూ వెళ్లేవారు ఈ సంగతి అడిగి తెలుసుకున్నాకే తీసుకోవాలి.

మూడోది, మీ వాడకానికీ ఆ యంత్రానికీ పొత్తు కుదురుతుందా? 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది. హైవే మీద కాసేపు ఆగకుండా వేగంగా నడిస్తే ఆ మసి కాలిపోతుంది. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో అది పేరుకుపోయి ఫిల్టరు మూసుకుపోతుంది. మంచి బండి కూడా తప్పుడు వాడకంలో చెడ్డ పేరు తెచ్చుకుంటుంది.

నాలుగోది, సర్వీస్ సెంటర్ ఎంత దూరం? మీ ఊళ్లో ఆ కంపెనీ వర్క్‌షాపు లేకపోతే చిన్న రిపేరుకు కూడా ఒక సెలవు, వంద కిలోమీటర్ల ప్రయాణం ఖర్చులో కలపాలి. కంపెనీ ఎంతకాలం దేశంలో ఉంటుందో కూడా ఆలోచించాలి. షెవర్లే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. బండ్లు మంచివే అయినా, కంపెనీ వెళ్లిపోయిందనగానే అమ్ముకునేవారికి బేరం తగ్గిపోతుంది.

ఐదోది, అందరూ వదిలేసేది. షోరూముకు వెళ్లిన రోజే పక్కనున్న స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర ఆగి ఐదు ధరలు అడగండి: హెడ్‌ల్యాంపు, ముందు బంపరు, సైడ్ మిర్రరు, క్లచ్ సెట్, ఏసీ కంప్రెసరు. "ఇవి స్టాకులో ఉన్నాయా, ఆర్డరు పెడితే ఎన్నాళ్లకు వస్తాయి?" అని కూడా అడగండి. పోటీలో ఉన్న రెండో కంపెనీలోనూ ఇవే అడిగి పక్కపక్కన రాసుకోండి. ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంపులో బల్బు విడిగా దొరకదని, మొత్తం ల్యాంపు మార్చాలని అప్పుడు తెలుస్తుంది. ఈ చిన్న పట్టిక బ్రోచరు కంటే నిజాయితీగా మాట్లాడుతుంది. కంపెనీతో సంబంధం లేని మీ ఊరి షెడ్డు మెకానిక్‌ను, ఆ మోడలును ట్యాక్సీగా తిప్పే డ్రైవర్‌ను పలకరిస్తే మిగతా సగం తెలుస్తుంది. లక్ష కిలోమీటర్ల తర్వాత ఏం చెడుతుందో వాళ్లు చూసి ఉంటారు.

కంపెనీలు బండ్లను వెనక్కు పిలిచి ఉచితంగా సరిచేయడాన్ని రీకాల్ అంటారు. 2020 జులైలో మారుతీ సుజుకీ వ్యాగన్ఆర్, బలేనో కార్లను కలిపి 1,34,885 బండ్లను ఇంధన పంపు లోపం కోసం పిలిపించింది. రీకాల్ పేరు వినగానే ఆ బండి పనికిరాదనుకోవద్దు. లోపం ఒప్పుకుని సరిచేసే కంపెనీ, దాచిపెట్టే కంపెనీ కంటే మేలు. ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో మీ బండికి రీకాల్ ఉందేమో ఏడాదికోసారి చూసుకోండి.

వారంటీ పుస్తకం చదవడం

గ్లవ్ బాక్సులో ఓనర్ మాన్యువల్‌తో పాటు ఒక పలచని పుస్తకం ఉంటుంది. దాన్ని బండి చెడ్డాక తెరిచేవాళ్లే ఎక్కువ. కొనకముందే ఒక ప్రతి అడిగి చదవండి. నాలుగు విషయాల కింద గీత గీయండి.

ఒకటి, ఏళ్లా కిలోమీటర్లా? "ఏది ముందు వస్తే అది" అన్న మాట చాలా ముఖ్యం. మారుతీ సుజుకీ 2024 జులైలో తన మామూలు వారంటీని 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఏడాదికి 10,000 తిరిగేవారికి ఇందులో లెక్కలోకి వచ్చేది మూడేళ్లు మాత్రమే. 50,000 తిరిగేవారికి లక్ష కిలోమీటర్లు రెండేళ్లలోనే ముగుస్తుంది. పెద్ద అంకెకు మురిసిపోకుండా, మీకు ఏది ముందు వస్తుందో చూసుకోండి.

రెండు, ఏవి రావు? బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్ల వంటి అరిగే వస్తువులు తరచుగా వారంటీలోకి రావు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీలు విడిగా వారంటీ ఇస్తాయి. తయారీ లోపానికే వారంటీ. అరుగుదల, ప్రమాదం, వరద దాని పరిధిలోకి రావు.

మూడు, మనమే ఎలా పోగొట్టుకుంటాం? సర్వీసింగ్ గడువు దాటించడం, బయట సీఎన్‌జీ కిట్ పెట్టించడం, కంపెనీ వైరు కోసి లైట్లు, స్పీకర్లు తగిలించడం. వైరు కోసిన చోట షార్ట్ అయితే ఎలక్ట్రికల్ వారంటీ అంతా వివాదంలో పడుతుంది.

నాలుగు, ఎవరికి వర్తిస్తుంది? విద్యుత్ కార్లలో ఇది మరీ ముఖ్యం. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు చాలాకాలంగా మార్కెట్లో ఉన్న మాట. ఇప్పుడు కొన్ని కంపెనీలు మొదటి యజమానికి జీవితకాల వారంటీ ఇస్తున్నాయి. జీవితకాలం అంటే ఎన్నేళ్లుగా లెక్కపెట్టారో, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో, బండి రెండో యజమాని చేతికి వెళితే ఏమవుతుందో పత్రంలో చదవండి. మీరు అమ్మేనాటి ధరను నిర్ణయించేది ఆ మూడో వాక్యమే.

పొడిగించిన వారంటీ ఎవరికి?

"ఇంకో ఇరవై వేలు కడితే మరో రెండేళ్లు నిశ్చింత సార్" అంటారు. ఇది మంచిదా చెడ్డదా అని ఎవరూ ఒక్క మాటలో చెప్పలేరు. మళ్లీ ఏళ్ల దగ్గరికే వెళ్లాలి. మామూలు వారంటీ ముగిసేలోపే అమ్మేసేవారికి దీని ప్రయోజనం బాగా తక్కువ. ఆరేడేళ్లు ఉంచుకునేవారు, అందులోనూ టర్బో ఇంజిను, ఆటోమేటిక్ గేరు, పెద్ద టచ్ స్క్రీను, ఎలక్ట్రానిక్ సెన్సర్లు ఉన్న బండి యజమానులు తీసుకోవడమే తెలివి. ఆ భాగాల్లో ఒక్కటి చెడినా కట్టిన ప్రీమియం కంటే ఎక్కువే ఖర్చవుతుంది. మాన్యువల్ గేరు, మామూలు పెట్రోలు ఇంజిను, తక్కువ తిరుగుడు ఉన్నవారు కావాలంటే అదే ఇరవై వేలను "బండి నిధి" పేరుతో బ్యాంకులో వేసుకోవచ్చు. వేయనివారికి మాత్రం వారంటీయే మేలు.

తీసుకునేటప్పుడు రెండు సంగతులు. అది కంపెనీ ఇచ్చేదా, డీలరు లేదా మరో సంస్థ ఇచ్చేదా అని అడగండి. కంపెనీ ఇచ్చేదైతే దేశంలో ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లుతుంది. రెండోది, మామూలు వారంటీ ముగియకముందే కొనాలి. గడువు దాటాక చాలా కంపెనీలు ఇవ్వవు, ఇచ్చినా ధర పెంచుతాయి.

వారంటీ ఆగిన చోట బీమా

2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వందల కుటుంబాలకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటుంది. వరద నీళ్లు వారంటీకి సంబంధం లేని విషయం. బీమా కూడా అన్నిటికీ కట్టదు. నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఈ నష్టాన్ని మామూలు సమగ్ర పాలసీ సాధారణంగా ఒప్పుకోదు. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు ఉండాలి. లోతట్టు కాలనీల్లో ఉండేవారు దాన్ని తప్పనిసరి ఖర్చుగా లెక్కేసుకోండి. నీళ్లలో నిలిచిన బండి తాళం తిప్పకండి. బ్యాటరీ వైరు ఊడదీయించి, లాక్కెళ్లే బండిని పిలిపించండి.

మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం ధరే వస్తుంది. జీరో డిప్రిసియేషన్ కవరు ఉంటే ఆ కోత ఉండదు. మొదటి ఐదేళ్లు అది ఉంచుకోండి. చిన్న గీతలకు క్లెయిము చేయకండి. వరుసగా ఐదేళ్లు క్లెయిము లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గింపు వస్తుంది. ఆ తగ్గింపు హక్కు బండిది కాదు, మీది. బండి అమ్మినా దాన్ని కొత్త బండికి మార్చుకోవచ్చు. పాలసీ గడువు తీరాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే మాత్రం అదంతా పోతుంది. బీమా షోరూములోనే కొనాలన్న నిబంధన లేదు. బయట రెండు కొటేషన్లు తెచ్చి చూపిస్తే డీలరు ధర తగ్గే అవకాశమే ఎక్కువ.

పాత కారు కొనేవారికి

మన లెక్కలో చవకగా తేలిన రెండో ఐదేళ్లను కొనుక్కోవడమే సెకండ్ హ్యాండ్ కారు కొనడం. తరుగుదలలో పెద్ద భాగం మొదటి యజమాని భరించేశాడు. బదులుగా మీరు మోసేది వారంటీ లేని భయం. కాబట్టి ఇక్కడ పరీక్షే మీ వారంటీ.

పగటి వెలుగులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద మట్టి గీత ఉంటే అది వరదలో మునిగిన బండి. సీటు కింద బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెపినీ గుంటలో ఎండిన ఒండ్రు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఎంత పాలిష్ చేసినా ఈ మూడు చోట్లకు చేయి పోదు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనదని. మీటరు 25,000 చూపిస్తూ, నాలుగు టైర్లూ బండి కంటే మూడేళ్లు చిన్నవైతే ఆ రీడింగును నమ్మవద్దు. కంపెనీ వర్క్‌షాపులో బండి నంబరుతో సర్వీసు చరిత్ర అడిగితే ప్రతి సందర్శనలో నమోదైన కిలోమీటర్లు కనిపిస్తాయి.

కాగితాల పని అంతకంటే ముఖ్యం. అప్పు ఉన్న బండయితే బ్యాంకు ఇచ్చిన ఫారం 35, పేరు మార్పుకు ఫారాలు 29, 30 చూసుకోండి. పేరు మారేదాకా, రికార్డులో ఉన్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే అమ్మేవాళ్లు కూడా "తాళాలు ఇచ్చేశాం, అయిపోయింది" అనుకోకూడదు. బీమా కూడా 14 రోజుల్లో కొత్త పేరుకు మార్పించాలి. ఆంధ్రాలో కొన్న బండిని తెలంగాణలోనో, కర్ణాటకలోనో ఏడాదికి మించి వాడితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, పన్ను ఉంటాయి. హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగులు ఆ ఖర్చును ముందే కలపండి.

బండిని నిలబెట్టుకోవడం

పదేళ్లు ఉంచుకోవాలన్న నిర్ణయం షోరూములో తీసుకునేది అయినా, నెరవేరేది వర్క్‌షాపులో. మాన్యువల్‌లో రాసిన గడువులో ఇంజిన్ ఆయిల్ మార్చండి. చాలా పెట్రోలు కార్లకు అది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది. బండి తిరగలేదని ఏడాది దాటించవద్దు, ఆయిల్ కాలంతోనూ చెడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్, కూలంట్, ఆటోమేటిక్ గేరు ఆయిల్ మార్చే గడువులు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి.

సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్‌కార్డు మీద సంతకం చేసేముందు ప్రతి వరుసా చదవండి. ఆయిల్, ఫిల్టరు, లేబరు ఉండాల్సినవి. ఇంజిన్ ఫ్లషింగ్, ఏసీ శుద్ధి, పెయింటు మీద కోటింగ్, కిందిభాగం కోటింగ్ వంటివి మీరు అడగకుండానే చేరి ఉండవచ్చు. మాన్యువల్‌లో లేనివి కొట్టేయమని మర్యాదగా చెప్పండి. మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి. "శబ్దం వస్తోంది" అని రాస్తే పని జరగదు. "ఉదయం చల్లని ఇంజిన్, రెండో గేరు, స్పీడ్ బ్రేకరు మీద ఎడమ ముందు చక్రం దగ్గర టకటక" అని రాయించండి. ఎవరైనా "ఇది వారంటీలో రాదండి" అంటే, "సరేనండి, ఆ మాటే జాబ్‌కార్డు మీద రాసి ఇవ్వండి" అని నెమ్మదిగా అడగండి. రాతపూర్వకంగా ఇవ్వాల్సి వచ్చినప్పుడు చాలా నిర్ణయాలు మళ్లీ పరిశీలనకు వెళతాయి.

లోపం వారంటీలో ఉన్నప్పుడే ఫిర్యాదు నమోదైతే, గడువు ముగిసినా మీ వాదన బలంగా ఉంటుంది. పరిష్కారం దొరకకపోతే కంపెనీకి ఈమెయిల్ రాయండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 50 లక్షల వరకు చెల్లించిన కొనుగోళ్లు దాని పరిధిలోకే వస్తాయి. 5 నుంచి 10 లక్షల బండికి ఫీజు 200 రూపాయలే. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఎప్పుడు వదులుకోవాలి?

ప్రేమతో ఉంచుకోవద్దు, విసుగుతో అమ్మవద్దు. మూడు సందర్భాల్లో బండిని వదిలేయండి. రాబోయే ఏడాది రిపేర్ల అంచనా బండి అమ్మకపు ధరలో సగం దాటినప్పుడు. అత్యవసరానికి ఆసుపత్రికి తీసుకెళ్లగలదన్న నమ్మకం ఇంట్లోవాళ్లకు పోయినప్పుడు. భద్రతకు సంబంధించిన భాగాలు దొరకనప్పుడు. 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ గడువు ముగిసి, ఫిట్‌నెస్ పరీక్షతో రెన్యువల్ చేయించాల్సి వచ్చినప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలు మళ్లీ వేసుకోండి. కొత్త మోడలు వచ్చిందనో, పక్కింటివారు మార్చారనో అమ్మడం ఈ జాబితాలో లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారి చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి తగ్గింది. పెద్ద కార్ల మీద 40, విద్యుత్ కార్ల మీద 5 శాతం ఉంది. కొత్త కారు ధర తగ్గినప్పుడు మీ పాత కారు ధర కూడా దాంతోపాటే తగ్గుతుంది. కాబట్టి పన్ను తగ్గిందన్న ఒక్క కారణంతో బాగా నడుస్తున్న బండిని మార్చకండి.

ఈ వారం చేయాల్సిన పని

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆరు జవాబులు రాయండి.

1. ఈ బండిని ఎన్నేళ్లు ఉంచుకుంటాం?
2. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, అందులో హైవే ఎంత, ఊళ్లో ఎంత?
3. ఆ ఏళ్లలో ఎన్నేళ్లకు వారంటీ ఉంటుంది, మిగిలిన ఏళ్లకు నెలకు ఎంత పక్కన పెడతాం?
4. అప్పు ఎన్నేళ్లలో తీరుతుంది, మొత్తం వడ్డీ ఎంత?
5. సర్వీస్ సెంటర్ ఎన్ని కిలోమీటర్లు, ఐదు స్పేర్ పార్టుల ధరలు ఎంత?
6. తరుగుదల, వడ్డీ, ఇంధనం, బీమా, సర్వీసింగ్ అన్నీ కలిపితే కిలోమీటరుకు ఎంత?

ఇప్పటికే కారు ఉన్నవారు కూడా మొదటి జవాబు మార్చి రాసుకోండి: ఇంకా ఎన్నేళ్లు? ఆరో జవాబు చూశాక చాలామందికి తమ చేతిలో ఉన్న బండే అన్నింటికంటే చవకైన కారని తెలుస్తుంది. కొత్తది కొనేవారికైతే ఆ కాగితం చేతిలో ఉండగా షోరూములో ఎవరూ తొందరపెట్టలేరు. మీ కుటుంబం కష్టార్జితాన్ని కాపాడేది డిస్కౌంటు కాదు, ఈ లెక్కే. అడ్వాన్సు కట్టేముందు ఆ ఆరు జవాబులూ పూర్తి చేయండి.